బడి కబురు మీ ఇంటికి ఎట్లా చేరుతా ఉంది? వాన సెలవు, డిసెంబర్ 5 మీటింగు, తక్కిన సంగతులు

కొర్లగుంట_అమ్మ
మా పాప మూడో తరగతి, బాబు ఒకటి. ఇద్దరూ ఇక్కడ తిరుపతిలో గవర్నమెంటు ప్రాథమిక పాఠశాలలోనే. మొన్న వానకు సెలవు ఇచ్చినారంట. ఆ సంగతి మాకు తెలిసేసరికి పిలకాయలు తడిసిపోయి గేటు కాడ నిలబడుకోని ఉండారు. గేటుకు తాళం. మా అత్త పోయి కొంగు కప్పి పిల్చుకోనొచ్చింది. మెసేజ్ వచ్చిందంట, రాత్రి చానా పొద్దుపోయినాక, మా ఆయన ఫోనుకి. ఆయన తెల్లారకముందే పూల మార్కెట్టుకు పోతాడు, ఫోను ఆయన జేబులో ఉంటుంది. నాకు ఎవరు చెప్తారు?

ఇదొక్కటే అయితే పోనీలే అనుకుంటా. పిల్లల పండగ నాడు వేషం వేసుకోని రమ్మన్నారని ముందురోజు సాయంత్రం పాప చెప్పింది. ఆ పొద్దులో వేషం యాడ తెచ్చేది? ఇప్పుడు 2025 డిసెంబర్ 5న మెగా పీటీఎం (తల్లిదండ్రులు, టీచర్ల మీటింగు) ఉంది, అమ్మానాన్న ఇద్దరూ రావాలంట. అదీ పాప నోటిమాటే. నేను ఇండ్లలో పని చేస్తాను, ముందుగా అడిగితేనే ఒకపూట వదుల్తారు.

మీ బడుల్లో కబురు ఎట్లా చెప్తా ఉన్నారు? ఇంకా ముందు ముందు ఏమేం ఉన్నాయో తెలిసినోళ్ళు రాయండి.

జీవకోన_నాన్న
మాదీ ఇదే కథ అక్కా. తరగతికి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది, అందులో నా నంబరే ఉంది, మా ఆవిడది లేదు. రెండు నంబర్లు పెట్టమంటే "ఒక ఇంటికి ఒకటే" అన్నారు. ఎందుకో అర్థం కాలా.

సంగటి_ముద్ద
చిత్తూరులో మా బడి గ్రూపులో సారు పెట్టే మెసేజీ ఒకటి, తక్కినోళ్ళు పెట్టే గుడ్‌మార్నింగ్ పూలు యాభై. ఆ పూల కింద సెలవు మెసేజీ యాడుందో వెతుక్కోవాల.

గిరింపేట_అక్క
@సంగటి_ముద్ద అడ్మిన్లు మాత్రమే రాసేట్టు మార్చమని చెప్పండి. మా బడిలో అట్లా చేసినాక ప్రశాంతంగా ఉంది. అడగాల్సింది ఉంటే టీచరమ్మకు విడిగా మెసేజ్ చేస్తాం.

ఎమ్మార్‌పల్లి_ఆటో
వాన సెలవు సంగతిలో ఇంకో తలనొప్పి ఉంది. పోయినేడు కాగితాన్ని ఈ ఏడు మళ్ళీ తిప్పుతారు. మొన్న నా ఆటోలో పిల్లల్ని ఎక్కించుకోని సగం దూరం పోయినాక ఒక తల్లి ఫోను చేసి సెలవంట అన్నది. ఆ కాగితం తేదీ చూస్తే పాతది. బడి ఉంది, పిల్లలు ఆలస్యం. కాగితం వస్తే ముందు తేదీ చూడండి, తర్వాత జిల్లా పేరు చూడండి. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా వేరయినాక చిత్తూరు కలెక్టర్ సెలవు ఇస్తే మనకు వర్తించదు, మనకిస్తే వాళ్ళకు వర్తించదు. చంద్రగిరి దాటి పోతే ఏ జిల్లానో తెలియక తికమక పడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

పలమనేరు_పాలవాడు
మా పల్లెలో గుడి మైకులో చెప్పిస్తాం. పొద్దున ఆరింటికి సారు పూజారికి ఫోన్ చేస్తాడు, పూజారి రెండు మాటల్లో చెప్పేస్తాడు. పాలకేంద్రం కాడ ఉండే నాకూ వినపడతాది. ఫోను లేనోళ్ళకు, చదువు రానోళ్ళకు, అందరికీ చేరతాది.

జీవకోన_నాన్న
@పలమనేరు_పాలవాడు పల్లెలో సరే అన్నా, ఈడ టౌన్లో మైకు పెడితే ఏ వీధి బడికో ఎవరికి తెలుస్తుంది.

సుద్దముక్క
నేను చిత్తూరు జిల్లాలో ఎస్జీటీని, అంటే ప్రాథమిక బడి టీచర్ని. బడిలో ఇద్దరమే టీచర్లం, అయిదు తరగతులు. టీచర్ల వైపు నుంచి కూడా ఒకమాట చెప్పనివ్వండి.

సెలవు ఇచ్చేది మేము కాదు. కలెక్టర్ గారి నిర్ణయం డీఈవో (జిల్లా విద్యాధికారి) గారికి, అక్కడి నుంచి ఎంఈవో (మండల విద్యాధికారి) గారికి, వారి గ్రూపు నుంచి మాకు. వాన ఎట్లా ఉంటుందో వాతావరణ శాఖ సాయంత్రం చెప్పే హెచ్చరికను బట్టి చూస్తారు కాబట్టి ఆ నిర్ణయం రాత్రే వస్తుంది, ఒక్కోసారి తెల్లవారుజామున వస్తుంది. అది చూసిన మరుక్షణం మేము గ్రూపులో పెడతాం. ఈ ఆలస్యం మా చేతిలో లేదు.

కానీ పిల్లల పండగ, మీటింగు, ఆరోగ్య పరీక్షలు, ఇవి ముందే తెలిసినవి. వీటిని ముందురోజు సాయంత్రం చెప్పడం తప్పే. కొర్లగుంట అమ్మగారి కోపం న్యాయమైనది. పనిమానుకుని రావాల్సిన మనిషికి కనీసం వారం ముందు తెలియాలి.

నేను చేసేది ఏమిటంటే, రాతతో పాటు వాయిస్ మెసేజ్ కూడా పెడతాను. నలభై సెకన్లు, అంతే. "రేపు శుక్రవారం, పిల్లలకు ఫలానాది ఉంది, ఫలానాది పంపండి." మా బడిలో చాలామంది అవ్వలు పిల్లల్ని చూసుకుంటారు. అమ్మానాన్న బెంగళూరులో పని. అవ్వకు చదవడం రాదు, కానీ బొమ్మ నొక్కితే నా గొంతు వినపడుతుందని తెలుసు.

గిరింపేట_అక్క
@సుద్దముక్క మేడం/సార్, వాయిస్ మెసేజ్ ఆలోచన చానా బాగుంది. మా బడిలో చెప్తాను.

సంగటి_ముద్ద
ఫోను అయ్య జేబులో ఉంటే వాయిస్ అయినా రాత అయినా ఒకటే కదా. అడిగింది అదే కదా ఆమె.

పాతహెడ్మాస్టర్
రిటైర్ అయినాను, ముప్పై ఏళ్ళకు పైగా ప్రాథమిక పాఠశాలల్లోనే ఉన్నాను. సంగటి_ముద్ద గారు అసలు ముడి పట్టుకున్నారు. ఫోను ఉన్న ఇంటికే కబురు చేరాలంటే అది అందరి బడి ఎట్లా అవుతుంది?

గేటు పక్కన గోడకు నల్లరంగు వేయించండి. మూడడుగుల వెడల్పు చాలు. మీద ఒక సిమెంటు రేకు ముక్క వాలుగా పెట్టించండి, లేకపోతే ఈ నవంబర్ వానలకు సుద్దరాత గంటలో కారిపోతుంది. నేను మొదట రేకు లేకుండా రాయించి చూశాను, పొద్దున్నే వచ్చి చూస్తే గోడ మీద తెల్లటి చారలు తప్ప ఏమీ లేవు. రేకు వేసినాక నిలబడింది. శనివారం మధ్యాహ్నం పిల్లలను వదిలేముందు వచ్చేవారం సంగతులు రాయించాలి. పెద్ద అక్షరాలు, అయిదారు వరుసలు. అయిదో తరగతి పిల్లల చేత రాయిస్తే చేతిరాతకూ పనికొస్తుంది, వాళ్ళు ఇంటికి పోయి గొప్పగా చెప్తారు కూడా. పిల్లల్ని దింపడానికి వచ్చిన అవ్వకు చదవడం రాకపోయినా, పక్కనున్న తల్లి గట్టిగా చదువుతుంది. ఆ నాలుగు మాటలు గేటు కాడే అందరికీ చేరతాయి.

దీనికి పై నుంచి ఉత్తర్వు అవసరం లేదు. పేరెంట్స్ కమిటీ తీర్మానం చేస్తే చాలు.

నగరి_మగ్గం
మా నగరి వైపు సగంమంది ఇంట్లో తమిళమే. గోడమీద రెండు భాషల్లో రాయమని అడిగినాం. మా బడిలో తమిళం రాయడం తెలిసిన టీచరు లేరు, ఒక తల్లి వచ్చి శనివారం రాసిపోతా ఉంది. ఆమెకు టీచర్లందరూ ఎంత మర్యాద ఇస్తారో.

కుప్పం_గాలి
మా కుప్పంలో అయితే కన్నడ కూడా కావాల 😀 గోడ చాలదు.

కొర్లగుంట_అమ్మ
@పాతహెడ్మాస్టర్ సారూ, కమిటీ అంటే ఎస్ఎంసీ, బడి యాజమాన్య కమిటీ కదా? అందులో ఎవరున్నారో నాకు తెలీదు. ఎవర్ని అడగాల?

పాతహెడ్మాస్టర్
@కొర్లగుంట_అమ్మ అదేనమ్మా. విద్యాహక్కు చట్టం 2009, 21వ సెక్షన్ ప్రకారం పెట్టేది. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్ళు. మన రాష్ట్రంలో 2024 ఆగస్టు 8న ఎన్నికలు పెట్టినారు, తరగతికి ముగ్గురు తల్లిదండ్రులను ఎన్నుకున్నారు, పదవి రెండేళ్ళు. అంటే మీ బాబు తరగతికి, పాప తరగతికి సభ్యులు ఉంటారు. వాళ్ళ పేర్లు బడి గోడ మీద రాసి ఉండాలి. లేకపోతే హెచ్ఎంను అడగండి, చెప్పి తీరాలి.

ఎమ్మార్‌పల్లి_ఆటో
మా బడి కమిటీ ఛైర్మన్‌ను ఎన్నుకున్న రోజు తప్ప మళ్ళీ బడి దగ్గర చూడలా.

గిరింపేట_అక్క
@ఎమ్మార్‌పల్లి_ఆటో అన్నా, అందరూ అట్లా ఉండరు. నేను కమిటీలో సభ్యురాలిని. నెలనెలా కూర్చుంటాం. మధ్యాహ్నం భోజనం రుచి చూసే వంతు కూడా మాకుంది. పోయిన నెల సాంబారు నీళ్ళగా ఉందని రిజిస్టర్లో రాసినాను, వంటామె మొదట అలిగింది, తర్వాత మార్చింది. కమిటీ పనిచేయాలంటే మనం అడగాల, అంతే.

జీవకోన_నాన్న
డిసెంబర్ 5 సంగతికి వద్దాం. శుక్రవారం కదా అది. ఎందుకు పోవాల ఆ మీటింగుకు, నిజంగా చెప్పండి. పోయిన రెండుసార్లూ ఫొటోలు, ఉపన్యాసాలు. నేను ఒకపూట కూలి పోగొట్టుకున్నాను.

సంగటి_ముద్ద
నాదీ అదే మాట. నాయకుల ప్రసంగం వినడానికి నేను రాను.

చంద్రగిరి_చెట్టు
నేను ఒప్పుకోను అన్నా. మొదటిది 2024 డిసెంబర్ 7న జరిగింది, రెండోది 2025 జులై 10న, గురుపౌర్ణమి నాడు. మొదటిదానికి నేనూ మీలాగే విసుక్కుంటూ పోయినాను. రెండోదాంట్లో ప్రోగ్రెస్ కార్డు చేతికిచ్చి టీచరమ్మ మా వాడిని పిలిచింది. పుస్తకం తెరిచి చదవమంది. వాడు రెండో తరగతి. "అమ్మ", "ఆవు" చదివినాడు. "పుస్తకం" దగ్గర ఆగిపోయినాడు. స కింద త వత్తు ఉంది చూడండి, దాని మీద వేలు పెట్టి నా మొహం చూసినాడు. కార్డులో అన్నీ బాగున్నట్టే ఉంది, కానీ వాడికి వత్తులు రావని ఆ రోజే తెలిసింది. అప్పటి నుంచి రాత్రి సంగటి తిన్నాక పది నిమిషాలు వత్తుల మాటలే చదివిస్తా ఉన్నాం, మా అమ్మకు కూడా వచ్చేసినాయి వాడితో పాటు. ఇప్పుడు వాడు బస్సు మీద పేర్లు చదువుతాడు.

మీటింగులో ఉపన్యాసం వినకపోయినా పర్లేదు. టీచరుతో ఆ పది నిమిషాలు మాత్రం వదులుకోవద్దు.

సుద్దముక్క
చంద్రగిరి_చెట్టు గారు రాసింది బంగారం. తల్లిదండ్రులు వచ్చి "మా వాడికి ఎన్ని మార్కులు" అని అడిగి వెళ్ళిపోతారు. అట్లా కాకుండా, మీ ఎదురుగా నాలుగు వాక్యాలు చదివించమని అడగండి. రెండు అంకెల తీసివేత ఒకటి చేయించమనండి, అప్పు తెచ్చుకునేది. ఈ రెండూ చేయగలిగితే మూడో తరగతి బిడ్డ దారిలో ఉన్నట్టే. ఇంకొకటి, క్లాసులో ఎవరి పక్కన కూర్చుంటుంది, మధ్యాహ్నం తింటుందా, ఎవరితో ఆడుకుంటుంది అని అడగండి. మాకు తెలుసు ఆ సంగతులు, ఎవరూ అడగరు.

జీవకోన_నాన్న
సరే, నేను ఆ వత్తుల మాట కోసం వస్తాను. కానీ కూలి మాట అట్లనే ఉంది. సాయంత్రం పెట్టొచ్చు కదా?

సుద్దముక్క
@జీవకోన_నాన్న రాష్ట్రం మొత్తం ఒకేరోజు కాబట్టి సమయం మేము మార్చలేం. కానీ ఆ రోజు రాలేనివాళ్ళు ముందే చెబితే, మర్నాడు శనివారం అయినా మాట్లాడతాం. ఏ టీచరూ కాదనరు. అడగండి.

కొర్లగుంట_అమ్మ
ఇది నాకు తెలీదు. నేను పనిచేసే ఇంట్లో శుక్రవారం కుదరదంటే శనివారం పోతాను.

నగరి_మగ్గం
అమ్మ పేరు మీద మొక్క నాటించినారు జులైలో. మా పాప రోజూ ఆ మొక్కకు నీళ్ళు పోస్తుంది, ఎవరైనా ఆకు తెంపితే గొడవే. అది బతికే ఉందో లేదో చూడటానికైనా పోతాను.

సంగటి_ముద్ద
ఆ రోజు భోజనం మనకు కూడా పెడతారా?

గిరింపేట_అక్క
పెడతారు అన్నా. పిల్లలతో కలిసి తినొచ్చు. ఆ రోజు కొంచెం బాగానే చేస్తారు కాబట్టి, మామూలు రోజున కూడా ఒకసారి వచ్చి చూడమని నా మాట.

కుప్పం_గాలి
భోజనం మాట వచ్చింది కాబట్టి అడుగుతా ఉన్నా. డొక్కా సీతమ్మ బడి భోజనంలో గుడ్డు వారానికి అయిదు రోజులు కదా? మా వాడు "ఈరోజు గుడ్డు లేదు" అని శనివారం ఏడుస్తాడు.

గిరింపేట_అక్క
అయిదు రోజులే. శనివారం గుడ్డు ఉండదు, బెల్లం పొంగలి పెడతారు మా బడిలో. చిక్కీ ఒకరోజు, రాగిజావ ఒకరోజు, మార్చి మార్చి. 2025 జూన్ నుంచి సన్నబియ్యం వస్తా ఉంది, అప్పటి నుంచి పిల్లలు అన్నం వదిలిపెట్టడం తగ్గింది. ఇది నేను కళ్ళారా చూసిన మాట, తొట్టిలో పడే అన్నం చూస్తేనే తెలుస్తాది.

నగరి_మగ్గం
మా చెల్లెలు పిల్లలు తిరుత్తణిలో చదువుతారు. తమిళనాడులో అయిదో తరగతి దాకా పొద్దున టిఫిన్ కూడా బడిలోనే. ఉప్మా, పొంగల్. మన దగ్గర పొద్దున తినకుండా వచ్చే పిల్లలు ఎంతమందో టీచర్లకే తెలుసు. ఇక్కడా పెట్టాల.

సుద్దముక్క
@నగరి_మగ్గం నూటికి నూరుపాళ్ళు. ప్రార్థనలో కళ్ళు తిరిగి కూర్చునే పిల్లలు పొద్దున ఏమీ తినని పిల్లలే. రాగిజావ ఉన్న రోజు ఆ ఇబ్బంది తగ్గుతుంది.

ఎమ్మార్‌పల్లి_ఆటో
వాన సెలవు పెడితే అటెండెన్స్ పోతుందా? తల్లికి వందనంకి (బడికి పోయే బిడ్డ తల్లికి సర్కారు ఇచ్చే డబ్బు) 75 శాతం ఉండాలని మా ఆవిడ రోజూ కంగారు.

పాతహెడ్మాస్టర్
ప్రకటించిన సెలవు రోజు బడి జరగనట్టే లెక్క, బిడ్డ గైర్హాజరు కాదు. ఆ రోజును తర్వాత రెండో శనివారమో, ఆదివారమో పూడుస్తారు. ఆ పూడ్చే రోజున పంపకపోతే మాత్రం గైర్హాజరు పడుతుంది. అందుకే ఆ కబురు కూడా గేటు బోర్డు మీద రావాలి. సెలవు మాట అందరూ చెబుతారు, పూడ్చే రోజు మాట ఎవరూ చెప్పరు.

కొర్లగుంట_అమ్మ
తల్లికి వందనం మాకు ఇద్దరికీ పడింది. 13 వేలు, 13 వేలు. పదిహేను అన్నారు కదా, రెండు వేలు ఎక్కడ పోయింది అని మా వీధిలో ఒకటే గోల.

పాతహెడ్మాస్టర్
ఒక్కో బిడ్డకు 15 వేలే. అందులో 2 వేలు బడి నిర్వహణకు పెట్టుకుంటారు. మరుగుదొడ్లు కడగడం, నీళ్ళు, చిన్న మరమ్మతులు. ఎవరూ తినలేదమ్మా. అయితే ఆ డబ్బుతో మీ బడిలో ఏమేం చేసినారో కమిటీ మీటింగులో అడిగే హక్కు మీకు ఉంది. నల్లరంగు, రేకు ముక్క అందులోంచే వస్తాయేమో అదీ అడగండి.

జీవకోన_నాన్న
మా తమ్ముడికి పడలేదు. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు లేదంట.

గిరింపేట_అక్క
@జీవకోన_నాన్న తల్లి ఖాతాకు ఎన్పీసీఐ లింకు (ఆధార్ మీద వచ్చే సర్కారు డబ్బు ఏ ఖాతాలో పడాలో చూపేది) ఉందో లేదో బ్యాంకులో చూపించుకోమనండి. ఖాతాకు ఆధార్ నంబరు ఇచ్చుంటే సరిపోదు, ఆ లింకు వేరే. వచ్చే ఏడాది జూన్ దాకా ఆగకుండా ఇప్పుడే చేయించండి, జూన్‌లో బ్యాంకు ముందు క్యూ గుడి క్యూ కంటే పెద్దది.

కుప్పం_గాలి
పిల్లల ఆధార్ సంగతి కూడా. మా పాపకు అయిదు నిండింది, వేలిముద్రలు మళ్ళీ వేయాలంటున్నారు.

పాతహెడ్మాస్టర్
అయిదేళ్ళకు ఒకసారి, పదిహేనేళ్ళకు ఒకసారి వేలిముద్రలు, కనుపాపలు, ఫొటో కొత్తగా ఇవ్వాలి. అయిదేళ్ళ లోపు తీసిన ఆధార్‌లో వేలిముద్రలే ఉండవు. 5 నుంచి 7 ఏళ్ళ మధ్య చేయిస్తే డబ్బులు లేవు. ఏడు దాటినవాళ్ళకు కూడా 2025 అక్టోబర్ 1 నుంచి ఒక ఏడాది పాటు ఫీజు తీసేశారు. ఎవరైనా డబ్బులు అడిగితే ఇవ్వొద్దు.

సుద్దముక్క
అపార్ నంబరుకు (ప్రతి విద్యార్థికీ ఇచ్చే గుర్తింపు నంబరు) కూడా ఆధార్‌లో పేరు, బడి రిజిస్టర్లో పేరు ఒకటే ఉండాలి. "వెంకటేశ్" ఒకచోట, "వెంకటేష్" ఇంకోచోట ఉన్నా ఆగిపోతుంది. తిరుపతి చుట్టుపక్కల ప్రతి తరగతిలో నలుగురు వెంకటేశ్‌లు ఉంటారు కాబట్టి మా బాధ మీకు తెలుసు.

సంగటి_ముద్ద
ముందు ముందు ఏమున్నాయో అడిగింది ఆమె. ఎవరూ తేదీలు రాయలా ఇంకా.

చంద్రగిరి_చెట్టు
నాకు తెలిసినంత రాస్తాను, తప్పులుంటే టీచరు గారు దిద్దండి. డిసెంబర్ 5 మీటింగు సరే. డిసెంబర్ 22 గణిత దినోత్సవం, రామానుజన్ పుట్టినరోజు, ఆ వారంలో లెక్కల ఆటలు పెడతారు. 2026 జనవరి 10 నుంచి 18 దాకా సంక్రాంతి సెలవులు అని అకడమిక్ క్యాలెండర్లో ఉంది. దానికి ముందు బడిలో ముగ్గుల పోటీ, బొమ్మల కొలువు. జనవరి 26 జెండా పండగ. ఫిబ్రవరి 10 నులిపురుగుల మాత్ర. ఫిబ్రవరి 28 సైన్స్ దినోత్సవం. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు. ఏప్రిల్ 24 నుంచి వేసవి సెలవులు, మళ్ళీ జూన్ 12న తెరుస్తారు. గంగ జాతర మే నెలలో వస్తుంది కాబట్టి ఆ గొడవ లేదు.

ఎమ్మార్‌పల్లి_ఆటో
జాతరకు వేషాలు బడి సెలవుల్లో రావడమే పిల్లల అదృష్టం. లేకుంటే బడి కూడా బైరాగి వేషంలోనే పోతారు మావాళ్ళు.

ఏఎన్ఎం_అక్క
ఫిబ్రవరి 10 మాట వచ్చింది కాబట్టి. నేను ఆరోగ్య కార్యకర్తను. నులిపురుగుల మాత్ర ఏటా ఫిబ్రవరిలో, ఆగస్టులో ఇస్తాం. ఒకటి నుంచి 19 ఏళ్ళ దాకా. ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు, నమిలి మింగాలి, ఊరికే మింగించకూడదు. చిన్నపిల్లల గొంతులో అడ్డం పడుతుంది. ఒకటి నుంచి రెండేళ్ళ పిల్లలకు సగం మాత్ర పొడి చేసి ఇస్తాం.

జ్వరం ఉంటే ఆ రోజు ఇవ్వొద్దని టీచరుకు చెప్పండి, వారం తర్వాత మిగిలినవాళ్ళకు మళ్ళీ ఇస్తాం. కడుపులో పురుగులు ఎక్కువ ఉన్న బిడ్డకు మాత్ర వేసినాక కొంచెం కడుపునొప్పి, వాంతి రావచ్చు, కాసేపట్లో తగ్గుతుంది. ఆ మాట ముందే తెలియక, "మాత్ర వికటించింది" అని ఫోన్లలో తిప్పుతారు. పోయిన ఏడాది ఒక తండ్రి బడిమీదికి గొడవకు వచ్చినాడు. ముందురోజే ఇంటికి చెప్పి ఉంటే ఆ గొడవ లేదు. కాబట్టి ఆ బోర్డు ఆలోచనకు నా రెండు చేతులూ.

నగరి_మగ్గం
అక్కా, ఖాళీ కడుపున ఇవ్వొచ్చా?

ఏఎన్ఎం_అక్క
మధ్యాహ్నం భోజనం అయినాక ఇస్తాం. భయం లేదు.

జీవకోన_నాన్న
శనివారం నో బ్యాగ్ డే అన్నారు కదా, మా బడిలో ఆ రోజు పిల్లల్ని ఊరికే కూర్చోబెడుతున్నారు. బయటికి తీసుకుపోవచ్చు కదా.

చంద్రగిరి_చెట్టు
మా వాళ్ళను చంద్రగిరి కోటకు తీసుకుపోయినారు. రాజమహల్ లోపల మ్యూజియం శుక్రవారం మూసి ఉంటుంది, శనివారం తెరిచి ఉంటుంది కాబట్టి బాగా కుదిరింది. ఎస్వీ జూ అయితే మంగళవారం సెలవు. అలిపిరి దగ్గర రీజినల్ సైన్స్ సెంటర్ ఇంకా బాగుంటుంది పెద్దపిల్లలకు. పక్క బడి వాళ్ళతో కలిస్తే బస్సు ఖర్చు తగ్గుతుంది.

సుద్దముక్క
ఇద్దరు టీచర్లు ఎనభై మంది పిల్లలను కోటకు తీసుకుపోవడం సాహసం. తల్లిదండ్రులు నలుగురు తోడు వస్తామంటే మాత్రం మేము సిద్ధం. ఆ మాట డిసెంబర్ 5న చెప్పండి. మీ వైపు నుంచి వస్తే మాకు ధైర్యం.

సంగటి_ముద్ద
నేను వస్తాను. ఎప్పుడో చెప్పండి.

గిరింపేట_అక్క
చూసినారా, మీటింగుకు రాను అన్న అన్న కోటకు వస్తాడంట 😄

సంగటి_ముద్ద
మీటింగుకూ వస్తా లేక్కా.

జీవకోన_నాన్న
ప్రైవేటు బడుల్లో ఇవన్నీ ముందే డైరీలో రాసి పంపుతారు. మెసేజీలు, క్యాలెండర్లు. మనం ఇంత మాట్లాడుకోవాల్సి వస్తా ఉంది.

గిరింపేట_అక్క
మా అక్క కూతురు ప్రైవేటే. డైరీలో మొదటి పేజీలో ఫీజు కట్టాల్సిన తేదీలు ఉంటాయి, అది మాత్రం ఎప్పుడూ ఆలస్యం కాదు. కమిటీలో కూర్చుని సాంబారు మార్పించే హక్కు అక్కడ తల్లికి ఉందా? నేను మా బడిని వదలను.

పాతహెడ్మాస్టర్
జీవకోన గారు అన్నదాంట్లో పట్టుకోవాల్సింది ఉంది. పిల్లలకు కిట్‌లో నోటుపుస్తకాలు ఇస్తారు కదా. ఒక నోటుపుస్తకం చివరి నాలుగు పేజీలు కబుర్లకు పెట్టుకోమనండి. టీచరు బోర్డు మీద ఒక్క వాక్యం రాస్తే పిల్లలు ఎక్కించుకుంటారు, ఇంట్లో చూసినవాళ్ళు సంతకమో వేలిముద్రో. ఒకటి, రెండు తరగతుల వాళ్ళకు రాయడం రాదు కాబట్టి అయిదో తరగతి అక్కలు రాసిస్తారు. ఖర్చు లేదు.

కొర్లగుంట_అమ్మ
ఈరోజు పొద్దున పిలకాయల్ని దింపి హెచ్ఎం మేడంను కలిసినాను. మూడో తరగతి కమిటీ సభ్యురాలు మా వెనక వీధిలోనే ఉందంట, సాయంత్రం ఇద్దరం కలిసి మాట్లాడినాం. బోర్డు మాటకు మేడం వెంటనే ఒప్పుకుంది, గేటు పక్క గోడ కొట్టుకుపోయి ఉంది కాబట్టి లోపల వరండా గోడకు వేద్దామన్నది. వరండా బయటికి కనిపించదు మేడం, గేటు కాడికే కావాలన్నాను. ముందు సిమెంటు పూయించి తర్వాత రంగు వేయిస్తామన్నది. నా నంబరు కూడా గ్రూపులో ఎక్కించింది.

పాతహెడ్మాస్టర్
గేటు కాడే పట్టుబట్టడం మంచిపని చేసినారు తల్లీ. సిమెంటు బాగా ఆరినాకనే రంగు వేయించండి, ఈ చలిలో వారం పడుతుంది. పచ్చిగా ఉన్నప్పుడు వేస్తే పెచ్చులు లేస్తుంది.

ఎమ్మార్‌పల్లి_ఆటో
రేకు ముక్క నా దగ్గర ఉంది. కొర్లగుంట అయితే దారిలోనే, ఆదివారం తెచ్చి పడేస్తాను అక్కా. మేకులు మీరు చూసుకోండి.

కొర్లగుంట_అమ్మ
@ఎమ్మార్‌పల్లి_ఆటో అన్నా, మేకులు మా ఆయన తెస్తాడు. ఆదివారం పది దాటినాక రండి, మార్కెట్టు నుంచి అప్పటికి వచ్చేస్తాడు.